చక్రానికి రంగు

పాఠ్యభాగ ఉద్దేశం: పాత వస్తువును కొత్తదిగా చూపించడం వేరు, దానిని నిలబెట్టడం వేరు. ఈ భేదాన్ని విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

భానుపురి అనే నామాంతరం గల సూర్యాపేట, హైదరాబాదు నుండి విజయవాడకు పోయే జాతీయ రహదారిపై ఉన్నది. పూర్వం 9వ సంఖ్యతో పిలువబడిన ఆ రహదారి నేడు 65వ సంఖ్య గలది. ఒకప్పుడు ఆ బాటపై అంబాసిడర్ కార్లు ఠీవిగా సాగిపోయేవి. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో వాటిని తయారుచేసింది. 2014లో ఉత్పత్తి ఆగిపోయింది గాని, ప్రజల అభిమానం ఆగలేదు.

సూర్యాపేటలోని ఒక మిత్రుని ఇంట తండ్రి కాలం నాటి తెల్లని అంబాసిడర్ ఉన్నది. కుమారుని పెండ్లికి దానిని ముస్తాబు చేయాలని సంకల్పించారు. చక్రాలకు ఏ రంగు వేయాలనే చర్చ బయలుదేరింది.

"ఎర్రరంగు వేయిస్తే పెండ్లికి కళ వస్తుంది నాన్నా!" అన్నాడు కుమారుడు.

"మీ తాత ఉన్నప్పుడు ఏ రంగు ఉన్నదో అదే ఉండాలి రా" అన్నాడు తండ్రి. అయితే ఆ రంగు ఏదో ఎవరికీ జ్ఞాపకం లేదు.

వృద్ధుడైన మెకానిక్ నవ్వి, "డిక్కీ తెరవండి సార్, స్టెప్నీ చెబుతుంది" అన్నాడు.

20వ శతాబ్ది ఆరంభంలో వేల్స్ దేశంలోని లనెల్లీ పట్టణపు స్టెప్నీ వీధిలో అమ్మిన అదనపు చక్రం నుండి ఈ మాట మనకు వచ్చింది. ఎండవానలు సోకని స్టెప్నీ పాత రంగుకు సాక్షి. దాని వెనుక భాగాన్ని, మిగిలిన చక్రాల కప్పుల చాటును మెల్లగా గీకి చూడగా, మూడు పొరల కింద మీగడ రంగు బయటపడింది. వివాదం తీరినట్లే అనిపించింది.

అసలు పరీక్ష అటుపిమ్మట వచ్చింది. టైర్లు విప్పి, పాత రంగును తొలగించసాగారు. పాత రంగులలో సీసం ఉండవచ్చు. ఆ ధూళి ఆరోగ్యానికి చేటు. అందుచేత మెకానిక్ ముక్కుకు మాస్కు కట్టుకొని, నీటితో తడుపుతూ వాటర్ పేపరు రుద్దాడు. అన్నిటికంటె నునుపుగా మెరిసిన చక్రంలో బోల్టు రంధ్రం దగ్గర పుట్టీ ఊడివచ్చింది. దాని కింద జుట్టుపోగు వంటి పగులు కనిపించింది! పూర్వం ఎవరో పగులును పుట్టీతో పూడ్చి, పైన రంగు పూశారు. "పైన పటారం, లోన లొటారం" అన్న సామెత అందరికీ గుర్తుకు వచ్చింది. ఆ చక్రంతో వధూవరులు ప్రయాణించి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. దానిని పక్కన పెట్టి, పరీక్షించిన మరొక చక్రాన్ని తెచ్చారు.

తక్కిన పని శాస్త్రీయంగా సాగింది. తుప్పును పూర్తిగా తీసి, థిన్నరుతో జిడ్డు తుడిచి, తుప్పును అడ్డుకునే ప్రైమరు వేశారు. ఒకే మందపు పూత కారిపోతుంది గనుక, ఆరనిచ్చి ఆరనిచ్చి పలుచని పూతలు వేశారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో రంగు అతి త్వరగా ఆరి గరుకవుతుంది. ముసురు పట్టిన దినాన కొన్ని రంగులపై తెల్లని మసక కమ్ముతుంది. అందువలన ఉదయపు వేళను ఎంచుకున్నారు. నట్లు కూర్చునే చోట మందపు రంగు ఉంటే, అది నలిగిపోయి నట్లు వదులవుతాయి. కాబట్టి అక్కడ రంగు పేరుకోకుండా చూశారు. బిగించిన పిమ్మట కొంతదూరం నడిపి, నట్లను మరల సరిచూశారు.

రంగు ఎంపికకు కూడ తర్కం ఉన్నది. ముదురు రంగు చక్రాన్ని చిన్నదిగా, లేత రంగు పెద్దదిగా చూపుతుంది. నల్లని చక్రంపై రహదారి దుమ్ము కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. దేహపు రంగుతో పొందిక కుదిరితే చక్రం కారుకు అందం; కుదరకుంటే అది ఒక్కటే కంటికి కనిపిస్తుంది. ఇవన్నీ అభిరుచికి సంబంధించినవి. కాని పాత వాహనం విషయంలో చరిత్ర కూడ మాట్లాడుతుంది. 50 సంవత్సరాలు దాటి, మూలరూపంలో ఉన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసేందుకు 2021లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. మూలరూపానికి ఉన్న విలువను ఆ నిబంధనలు గుర్తించాయి.

పెండ్లినాడు మీగడ రంగు చక్రాలతో కారు కదిలింది. కుమారుని కోరిక వృథా కాలేదు; ఎర్రని పూలదండ కారు ముందు అలంకారమయింది. రంగు కంటికి ఆనందమిస్తుంది. రంగు కింది లోహం ప్రాణాన్ని కాపాడుతుంది. ముందు లోహాన్ని చూచి, తరువాత రంగును ఎంచుకొనేవాడే వివేకి.

అర్థాలు
నామాంతరం = మరొక పేరు
ఠీవి = దర్జా
ముసురు = ఎడతెగని చిరువాన
చేటు = హాని

ప్రశ్నలు
1. స్టెప్నీని పాత రంగుకు సాక్షి అని ఎందుకన్నారు?
2. "పైన పటారం, లోన లొటారం" అన్న సామెత ఈ పాఠానికి ఎట్లు అన్వయిస్తుంది?
3. చక్రానికి రంగు వేయడంలో పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.