బంగ్లాదేశ్ పల్లెల్లో పంపు నీటి పరీక్ష: మొదటిసారి వెళ్లే విద్యార్థులకు

చెరువు నీళ్లు తాగి పిల్లలు అతిసారంతో చనిపోకూడదని 1970లలో యూనిసెఫ్, బంగ్లాదేశ్ ప్రభుత్వం పల్లెపల్లెనా చేతిపంపులు వేయించాయి. ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందని 1993లో బయటపడింది. రంగు, వాసన, రుచి ఏదీ మారదు. నల్గొండ ఫ్లోరైడ్ ఊళ్లు చూసినవాళ్లకు ఈ బాధ తెలుసు. నీళ్లు తేటగానే ఉంటాయి, ఒళ్లు పాడయ్యాకే గుట్టు తెలుస్తుంది. అక్కడికి కాలేజీ బృందంతో పరీక్షలకు వెళ్తుంటే పని ఇలా సాగాలి.

వానలు వెనకబట్టాక, నవంబరు-ఫిబ్రవరి మధ్య వెళ్లండి. స్థానిక సంస్థ తోడు లేకుండా బయలుదేరవద్దు. ఉపజిలా (మన మండలం లాంటిది) ప్రజారోగ్య ఇంజనీరింగ్ కార్యాలయానికి ముందే తెలియజేయాలి. పంపు దగ్గర పనంతా ఆడవాళ్లదే కాబట్టి బెంగాలీ వచ్చిన అమ్మాయి బృందంలో ఉండి తీరాలి. ఆర్సెనిక్ ఎంతుందో ముందే తెలిసిన నీళ్లతో, అందరూ కాగితంపై రంగును ఒకేలా చదివేదాకా ఆర్సెనిక్ పరీక్ష కిట్ వాడటం సాధన చేయండి.

ఊళ్లోకి వెళ్లాక ముందు పలకరింపు. పెద్దావిడను ఖాలా అనో, హిందువుల ఇల్లైతే మాషి అనో పిలిచి అనుమతి అడగండి. పంపు ఎప్పుడు వేశారు, ఎన్ని గొట్టాలు దించారు, ఆ నీళ్లు ఎవరెవరు తాగుతారు అన్నవి రాసుకోండి. గొట్టాల లెక్క తెలిస్తే లోతు తెలిసినట్టే. 2000 తర్వాతి కొన్నేళ్లలో ప్రభుత్వం సుమారు 50 లక్షల పంపులు పరీక్షించి, మంచివాటికి ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు రంగు వేయించింది. ఆ రంగు చాలాచోట్ల వెలిసిపోయింది, తర్వాత వేసిన పంపులు ఎన్నో పరీక్షే ఎరగవు. పాత రంగును నమ్మకండి.

గొట్టంలో నిలవున్న నీళ్లు పోయేలా కాసేపు పంపు కొట్టాలి. సీసాను ఆ తర్వాత వచ్చే నీళ్లతోనే మూడుసార్లు కడిగి నింపండి. కిట్‌లోని ఆమ్లం, జింకు పొడి కలిస్తే నీటిలోని ఆర్సెనిక్ విషవాయువుగా పైకి లేచి మూతలోని కాగితాన్ని పసుపుగా, ఎక్కువుంటే గోధుమ రంగుగా మారుస్తుంది. అందుకే గాలి ఆడే చోట చేయాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. కిట్‌పై రాసిన నిమిషాలు పూర్తయ్యాకే, నీడలో రంగు చూడండి. తొందరపడితే ఆర్సెనిక్ తక్కువగా కనిపిస్తుంది, ఆ తప్పుకు నష్టపోయేది ఆ ఇల్లు. ప్రతి పదో పంపు నుంచి ఇంకో సీసా ప్రయోగశాలకు పంపి సరిచూసుకోండి. వాడిన కాగితాల్లో పాదరసం ఉంటుంది. వాటిని ఊళ్లో వదలకుండా వెంట తెచ్చుకోండి.

అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు, బంగ్లాదేశ్ ప్రమాణం 50. ఫలితాన్ని ఆ ఇంటివాళ్లకే, అప్పుడే చెప్పండి. పదిమందిలో ప్రకటించవద్దు. ఆర్సెనిక్ జబ్బు అంటుకునేది కాకపోయినా దాని పేరు చెప్పి ఆడపిల్లల సంబంధాలు తప్పిపోతాయి. ఆర్సెనిక్ ఎక్కువున్న నీళ్లు తాగడానికి, వంటకు పనికిరావు, స్నానానికి, బట్టలకు ఫరవాలేదు. మరిగిస్తే ఆవిరయ్యేది నీరే, ఆర్సెనిక్ అలాగే మిగులుతుంది. ఈ సంగతి విడమరిచి చెప్పాలి.

నాలుగిళ్ల అవతలి పంపులో నీళ్లు బాగుండవచ్చు. నేల పొరలు అంత దగ్గరలోనే మారిపోతాయి. 150 మీటర్లు దాటిన లోతు పంపుల్లో సాధారణంగా ఆర్సెనిక్ తక్కువ. అలాంటి పంపు దగ్గరికి ఆ ఇల్లాలితో కలిసి నడిచి వెళ్లి, పంపు సొంతదారులు నీళ్లిస్తారేమో అడగండి. ఢాకాకు తూర్పున ఆరైహజార్‌లో 2000 నుంచి కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధిస్తోంది. అక్కడ తమ పంపు మంచిది కాదని తెలిసిన కుటుంబాల్లో సగానికి పైగా వేరే పంపుకు మారాయి. ఖరీదైన యంత్రాల కంటే ముందు ఇంటింటికీ ఈ కబురు చేరాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆర్సెనిక్ లేదంటే క్రిములు లేవని కాదు. ఈ.కోలి అనే క్రిమి పరీక్షకు క్రిమిరహితం చేసిన సీసా వేరేగా ఉండాలి, ఐసు పెట్టెలో అదే రోజు ప్రయోగశాలకు చేరాలి.

వచ్చేముందు ప్రతి ఇంటికీ బెంగాలీలో చీటీ ఇవ్వండి. తేదీ, లోతు, ఫలితం, మళ్లీ పరీక్ష కావాలంటే ఊళ్లో ఎవరిని అడగాలో అందులో ఉండాలి. మొత్తం జాబితా నకలు ఉపజిలా కార్యాలయంలో అందజేసి, అందినట్టు సంతకం తీసుకోండి.