నిప్పుకోడి మన ఎండకు ఆగుతుంది, మన సంతకు ఆగుతుందా?

పల్నాటి వాళ్ళకు కోడి సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. కోడిపోరుతో రాజుకుని కారెంపూడి రణరంగం దాకా పోయిన కథ మనది. అయితే ఈ వారం మనం చెప్పుకునే కోడి బరిలోకి దిగేది కాదు. మెడ ఎత్తి నిలబడితే మన పూరింటి చూరు దాటి చూస్తుంది. అదే నిప్పుకోడి. ఉష్ట్రపక్షి అని కూడా అంటారు. ఇవాళ భూమ్మీద బతికున్న పక్షులన్నిటిలో ఎత్తయినదీ, బరువైనదీ ఇదే.

దీనితో మనకేం పని అంటారా? రేపెప్పుడైనా మీ ఊరికి ఒకాయన వచ్చి "పిల్లలు మేమిస్తాం, పెంచండి, మళ్ళీ మేమే కొంటాం" అనవచ్చు. ఆ మాట చెవిన పడకముందే ఈ పక్షి గురించి నాలుగు సంగతులు తెలుసుకుని ఉండటం మంచిది.

పక్షి తీరు

పుంజు 7 నుంచి 9 అడుగుల ఎత్తు పెరుగుతుంది. బరువు 100 కిలోలు దాటుతుంది, కొన్ని 150 కిలోల దాకా తూగుతాయి. ఎగరలేదు కానీ గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. మన నాటుకోడి కాలికి నాలుగు వేళ్ళుంటే దీనికి రెండే. ఆ కాలితో ఎదురు తన్నిందంటే మనిషి ప్రాణానికే ముప్పు. కాబట్టి కంచె గట్టిగా ఉండాలి, దగ్గరికి వెళ్ళేవాడు జాగ్రత్తగా ఉండాలి.

ఒక్క గుడ్డు సుమారు 1.4 కిలోలు, అంటే రెండు డజన్ల కోడిగుడ్ల పెట్టు. 42 రోజులు పొదగాలి. పగలు బూడిద రంగు పెట్ట, రాత్రి నల్లటి పుంజు పొదుగుతాయి. ఆ రంగుల వల్ల శత్రువు కంట పడవు. గడ్డి, ఆకు, గింజలు తింటుంది. పళ్ళు లేవు గనుక గులకరాళ్ళు మింగుతుంది. అవి కందనకాయలో మేతను నూరిపెడతాయి. భయపడితే ఇసుకలో తల దూరుస్తుందన్నది వట్టి మాట. నేల మీది గుంటలో ఉన్న గుడ్లను తిప్పడానికి తల వంచినప్పుడు దూరం నుంచి అలా కనిపిస్తుంది, అంతే.

ఒకప్పుడు మన నేల మీదే

ఇవాళ ఇది ఆఫ్రికా పక్షి. కానీ ఒకప్పుడు మన పొరుగునే తిరిగింది. ప్రకాశం జిల్లాలో తవ్వకాలు జరిపిన బరోడా విశ్వవిద్యాలయం పరిశోధకులకు సుమారు 41 వేల ఏళ్ళ నాటి నిప్పుకోడి గూడు, వేలాది గుడ్డు పెంకులు దొరికినట్లు 2024లో ప్రకటించారు. అంతకుముందు 2017లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు రాజస్థాన్, మధ్యప్రదేశ్ పెంకుల్లోని డీఎన్‌ఏ పరీక్షించి, అవి ఆఫ్రికా నిప్పుకోడి జాతికి దగ్గరివని తేల్చారు. కనుక రెంటచింతల ఎండ దీనికి లెక్క కాదు. అసలు చిక్కు ఎండతో కాదు, బేరంతో.

ఈమూ నేర్పిన పాఠం

ఈమూ దీని దూరపు చుట్టం. ఆస్ట్రేలియా పక్షి, 6 అడుగుల ఎత్తు, కాలికి మూడు వేళ్ళు, ముదురు ఆకుపచ్చ గుడ్డు. 1990ల చివరి నుంచి మన రాష్ట్రంలో ఎందరో రైతులు అప్పులు చేసి జతలు కొన్నారు. పక్షులు బాగానే పెరిగాయి. అయితే వాటి పిల్లల్ని కొన్నది తినేవాళ్ళు కాదు, కొత్తగా ఫారం పెట్టే మరో రైతు. మాంసానికి, నూనెకు, తోలుకు నిలకడైన గిరాకీ రాలేదు. కొత్త రైతు రావడం ఆగగానే ధర కూలింది, మేత ఖర్చు మాత్రం ఆగలేదు. 2012 ఆగస్టులో తమిళనాడు పెరుందురైలో తిరిగి కొంటామన్న పథకం కుప్పకూలి వేలమంది మునిగారు. మేత పెట్టలేక పక్షుల్ని వదిలేసిన వాళ్ళూ ఉన్నారు.

ఇది మనకొక్కరికే జరిగిందీ కాదు. దక్షిణాఫ్రికాలో 1860ల నుంచి నిప్పుకోళ్ళను ఈకల కోసం పెంచారు. దొరసానుల టోపీలకు ఆ ఈకలే సింగారం. ఫ్యాషన్ మారి, యుద్ధం వచ్చి 1914లో ధర పడిపోయేసరికి అక్కడి ఆసాములు దివాలా తీశారు.

అడ్వాన్సు ఇచ్చే ముందు

1. పెరిగిన పక్షిని చివరకు తినేది, వాడేది ఎవరు? వాళ్ళెక్కడున్నారో మీరే వెళ్ళి చూశారా?

2. కోసే వసతి, మాంసం అమ్మే అనుమతి దగ్గరలో ఉన్నాయా?

3. కొంటామన్న కంపెనీ మూతపడితే రెండో కొనుగోలుదారు ఎవరు?

4. పక్షి గుడ్డుకు రావాలంటే రెండేళ్ళకు పైగా పడుతుంది. అన్నాళ్ళూ మేతకు డబ్బెక్కడిది?

5. విదేశీ పక్షికి కావలసిన ప్రభుత్వ అనుమతి కాగితాలు చూపించారా?

వీటిలో ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా డబ్బు కట్టవద్దు. ముందు మీ పశువైద్యాధికారిని కలవండి. మిర్చికి గుంటూరు యార్డు ఉంది, గొర్రెకు సంత ఉంది. ధర తగ్గిన ఏడాది కూడా అక్కడ కొనేవాడు ఒకడుంటాడు. తొమ్మిదడుగుల పక్షిని చూసి మురిసేముందు, దాన్ని కొనేవాడి మొహం చూడండి.