గోపాలపట్నం మీదుగానే రా

గాజువాక,
బుధవారం రాత్రి

చిన్నా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ ఫోన్లో అయితే “ఆ, సరే పెద్దమ్మా” అని పెట్టేస్తావు. ఈలోగా మీ అమ్మ ఇంకో కబురు చెప్పింది. పెందుర్తి నుంచి ద్వారకానగర్ వెళ్లడానికి నువ్వు గోపాలపట్నం బస్సు ఎక్కడం లేదట. సింహాచలం, అడవివరం, హనుమంతవాక చుట్టేసి వెళ్తున్నావట. ఏడాది నుంచీనట! ఏట్రా ఇది? నీ ఉత్తరంలో అన్నీ రాశావు, ఈ ఒక్క ముక్కా రాయలేదు. నాకు నీ ఉత్తరం కంటే ఆ బస్సే ఎక్కువ బెంగ పెట్టింది.

ముందు నువ్వడిగిన దానికి చెబుతాను. గోపాలపట్నం దగ్గర ఫ్యాక్టరీలో గ్యాసు లీకైన ఆ రాత్రిని బుర్రలోంచి తీసేసే మాత్ర ఉందా అన్నావు. లేదు నాన్నా. వెతికినవాళ్లు మాత్రం ఉన్నారు. నేను కేజీహెచ్‌లో చేసినన్నాళ్లూ బీపీకి, గుండె దడకి ప్రొప్రనలాల్ మాత్రలు పంచిపెట్టాను. అదే మాత్రని 1994లో అమెరికాలో కాహిల్, మెక్‌గా అనేవాళ్లు కొందరికి వేసి, ఒక పిల్లాడికి యాక్సిడెంటైన కథ బొమ్మలతో చూపించారట. మాత్ర పడని వాళ్లకి కథలో గుండె ఝల్లుమనే ఘట్టం బాగా గుర్తుండిపోయింది. మాత్ర పడిన వాళ్లకి అది మిగతా కథలాగే గుర్తుంది, అంతే. మా కోడలు మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతుంది కదా, రిటైరయ్యాక దాని పుస్తకాలన్నీ నేనే తిరగేస్తున్నాను. ఆ ప్రయోగం ప్రకారం భయం పుట్టినప్పుడు ఊరే రసాయనమే జ్ఞాపకం మీద సీలు వేస్తుందన్నమాట. మెదడు అడుగున నీలి చోటు అనే అర్థం వచ్చే పేరున్న చిన్న గుంపు ఒకటి ఉంది. అక్కడి నుంచి నారడ్రినలిన్ చిమ్ముతుంది. అది బాదంగింజంత ఉండే అమిగ్డలాని తడుపుతుంది. కార్టిసాల్ తోడవుతుంది. ఆ తర్వాత కొన్ని గంటల్లో కొత్త ప్రొటీన్లు తయారై జ్ఞాపకం గట్టిపడుతుంది. సిమెంటు సెట్టయినట్టే అనుకో. దెబ్బ తగిలిన వెంటనే ఈ మాత్ర వేస్తే సెట్టవకుండా ఆపవచ్చేమోనని డాక్టర్లు ఆశపడ్డారు. మనుషుల్లో అది అంతగా ఫలించలేదు. మరి అయిదేళ్లు దాటిన నీ సంగతికి ఏ మాత్ర ఉంటుంది? షాపువాడిచ్చే నిద్రమాత్రల జోలికి మాత్రం వెళ్లావో, చెవులు మెలిపెడతాను.

అన్నం తింటున్నావా సరిగ్గా? మీ అమ్మ నువ్వు చిక్కిపోయావంటోంది.

2020 మే 7, తెల్లవారుజాము మూడు గంటలప్పుడు నీకు పదహారేళ్లు. నిద్రలోంచి లేవగానే ముక్కులోకి వెళ్లింది ఆ స్టైరీన్ తీపి వాసన. ఇప్పుడు ఎక్కడైనా ప్లాస్టిక్ కాలినా, ఫైబర్ పని చేసే షెడ్డు పక్క నుంచి వెళ్లినా గుండె పట్టేస్తోందని, నీ అంత పిరికివాడు లేడని రాశావు. పిరికితనం కాదురా అది. చూపూ వినికిడీ మెదడులో ఒక జంక్షన్ దాటి వెళ్లాలి. వాసన ఆ జంక్షన్‌లో ఆగకుండానే అమిగ్డలా గడప తొక్కేస్తుంది. నువ్వు ‘ఇది పెయింటు వాసన కదా’ అనుకునేలోపే ఒళ్లు పరుగు అందుకుంటుంది. పన్నెండు మందిని మింగిన ఆ వాసనని నీ ఒళ్లు మర్చిపోకపోవడంలో తప్పేముంది?

ఆ రోజుల్లో బాగానే ఉన్నాను, తర్వాత మొదలైంది అన్నావే, దానికీ జవాబుంది. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ గారి బృందం ఎలుకల్ని ఒక్కసారి, రెండు గంటలు కదలకుండా బంధించి చూసింది. మర్నాడు అమిగ్డలాలో మార్పేమీ కనిపించలేదు. పదో రోజుకి చూస్తే నాడీకణాల కొమ్మల మీద కొత్త ముళ్లు మొలిచాయి, ఎలుకలకి బెదురు పెరిగింది. 2005లో అచ్చయింది ఆ పని. దెబ్బ ఒక రోజుది, మొలక తర్వాతెప్పుడో.

నా సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1971 డిసెంబరులో నాకు పదకొండేళ్లు, వన్‌టౌన్‌లో ఉండేవాళ్లం. పాకిస్తాన్‌తో యుద్ధంలో ఘాజీ సబ్‌మెరైన్ పేలిన అర్ధరాత్రి కిటికీలు గజగజలాడాయి. మామ్మ నన్ను చీర కొంగులో కప్పేసింది. మూల లాంతరు పొగలు కక్కుతోంది, ఆ కిరసనాయిలు వాసన నాకిప్పటికీ గుర్తే. మీ పెద్ద మామయ్యేమో, “బ్లాకౌట్‌లో లాంతరెక్కడిదే, దీపాలన్నీ సాయంత్రమే ఆర్పేశారు” అంటాడు. యాభై ఏళ్లుగా దెబ్బలాడుకుంటున్నాం. ఎవరిది నిజమో చెప్పడానికి మామ్మ లేదు. కానీ కిరసనాయిలు వాసనొస్తే నా చేతులు వణికేవి, అది మాత్రం నిజం. పెళ్లయి వస్తే అత్తారింట్లో వత్తుల స్టవ్వు! మొదటి నెల ప్రతి పూటా అగ్గిపుల్ల ఆరిపోయేది. మా అత్తగారు నోరు మెదపకుండా పక్కన పీట వేసుకుని కూర్చునేది, బీరకాయలు చెక్కు తీసుకుంటూ. అంత నోరున్న మనిషి ఆ ఒక్క విషయంలో ఎందుకు ఊరుకుందో నాకిప్పటికీ తెలీదు. సంక్రాంతికి వణుకు పోయింది. చాలా ఏళ్ల తర్వాత, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు గాలి హోరులో ఒక్కసారి మళ్లీ వచ్చింది, పోయింది.

పోయిందంటే చెరిగిపోయిందని కాదు. పాత జ్ఞాపకం అక్కడే ఉంటుంది, దాని పక్కన ‘ఈ వాసనకి ఏమీ కాలేదు’ అనే ఇంకో జ్ఞాపకం పడుతుంది. అది పడాలంటే ఆ వాసన దగ్గరికి, ఆ చోటికి వెళ్లాలి. అందుకేరా నేను బస్సు బస్సు అని కొట్టుకుంటున్నది! హనుమంతవాక చుట్టూ తిరిగిన ప్రతిసారీ గోపాలపట్నంలో ఏమీ కాలేదని తెలుసుకునే ఒక రోజు పోగొట్టుకుంటున్నావు. ఏడాదికి ఎన్ని రోజులు పోయాయో లెక్కేసుకో. ఆ దారిలో బస్సులకేం కరువా? వేపగుంట, నాయుడుతోట, గోపాలపట్నం, ఎన్ఏడీ. తిన్నటి రోడ్డు. చినవాల్తేరు ఆసుపత్రిలో మానసిక వైద్యులు చేయించేదీ ఈ పనే, కాకపోతే పద్ధతిగా, మెల్లగా. వాళ్ల దగ్గరికి వెళ్దాం. ఆ ఆసుపత్రిని జనం ఏ పేరుతో పిలిస్తే మనకేం?

ఇంకొక్కటి. పక్కింటి తలుపు కొట్టకుండా పారిపోయానని రాశావు. ఆ మాట చదివి నేను ఏడ్చాను. మీ అమ్మనడిగితే రెండుసార్లు కొట్టావనీ, తనే నీ చెయ్యి పట్టి లాగిందనీ చెప్పింది. 2000లో కరీమ్ నాదర్, లెడూ ఎలుకల్లో చూపించారు, జ్ఞాపకాన్ని తలుచుకున్నప్పుడు అది మళ్లీ మెత్తబడి మళ్లీ గట్టిపడుతుందని. మెత్తబడినప్పుడు ఏం కలుస్తుందో ఎవరికి తెలుసు? నా లాంతరు లాగ నీ తలుపేమో. మీ అమ్మే పొరపడిందేమో కూడా, నేను అక్కడ లేను. కానీ ఆ ఒక్క సాక్ష్యం మీద నీకు నువ్వు శిక్ష వేసుకోకు.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి పెందుర్తి వస్తున్నాను. ఆడవాళ్లకి బస్సులో టిక్కెట్టు లేదు కదా ఇప్పుడు, ఆధార్ చూపిస్తే చాలు. నీ టిక్కెట్టు నువ్వు తీసుకో. కిటికీ పక్కన నువ్వు కూర్చో, నేను ఏమీ మాట్లాడను. బెల్లం గవ్వలు తెస్తున్నాను, మీ అమ్మకి చెప్పకు, దానికి షుగరు.

ఇట్లు,
మీ పెద్దమ్మ