ఇంటి దగ్గరి కొత్త లా కాలేజీయా, వైజాగా?

సమస్య

మేడమ్, మాది మార్కాపురం. నాన్న పలకల ఫ్యాక్టరీలో పని చేస్తారు. ఇంటర్ అయ్యాక లాసెట్ రాశాను, ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. మా ఊరికి గంట దూరంలో రెండేళ్ల కిందట కొత్త లా కాలేజీ పెట్టారు. అయిదేళ్ల కోర్సు కదా, ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాలేదు. ‘అక్కడైతే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు’ అంటారు నాన్న. నాకేమో వైజాగ్ ఆంధ్రా యూనివర్సిటీ మీద మనసు. వచ్చే వారం వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఏం చేయమంటారు?

– ఓ విద్యార్థిని

సలహా

అమ్మాయ్, కొత్తదైనంత మాత్రాన కాలేజీ చెడ్డదైపోదు. హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ కూడా 1998లో కొత్తదే. కాకపోతే దాని కోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు. మీ దగ్గరి కాలేజీ సంగతి మీరే తేల్చుకోవాలి.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన అనుమతి పత్రం అడుగు. గోడకు తగిలించిన ఫ్రేము చూసి వచ్చేయకు, ఏ విద్యా సంవత్సరం దాకా అనుమతి ఉందో ఆ లైను చదువు. అది లేకుంటే అయిదేళ్ల చదువూ లాయరుగా ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఆగిపోతుంది. ‘అప్లై చేశాం, వచ్చేస్తుంది’ అన్నారంటే లేచి వచ్చేయ్. 2025 ఆగస్టులో కౌన్సిల్ మూడేళ్ల పాటు కొత్త లా కాలేజీలే వద్దని ఆపేసింది.

పత్రం ఉందనుకో, నాన్నగారితో పనిరోజున పదకొండింటికి వెళ్లు. ఆఫీసులో కాఫీ తాగుతూ కూర్చోక లైబ్రరీకి నడు. నేను చూసిన ఒక కాలేజీలో ఏఐఆర్ (ఆలిండియా రిపోర్టర్) తీర్పుల సంపుటాలకు ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు! రెండో సంవత్సరం పిల్లల్ని పక్కకు పిలిచి, నిన్న ఎన్ని క్లాసులు జరిగాయో అడుగు. లెక్చరర్ల కంటే వాళ్లే నిజం చెబుతారు.

నాన్నగారికి ఒక మాట చెప్పు. రేపు నువ్వు జడ్జివి కావాలనుకున్నా, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి చదువు వైజాగ్‌లో అయినా, ఆ మూడేళ్లు మార్కాపురం కోర్టులోనే ఓ సీనియర్ దగ్గర గడపొచ్చు. ఇంటి భోజనం అప్పుడూ ఉంటుంది.

పైగా సీట్ల విషయంలో ఉమ్మడి ప్రకాశం జిల్లావాళ్లు ఆంధ్రా యూనివర్సిటీకి లోకలే. మొదటి ఆప్షన్ వైజాగే పెట్టు. పత్రం కళ్లారా చూశాకే కొత్త కాలేజీని చివర్న చేర్చు. చూపించకపోతే దాని పేరు పెట్టనే వద్దు.