ఉన్న పద్ధతిని దిద్దుటయా, క్రొత్తది నెలకొల్పుటయా?

ప్రశ్న: మా వర్క్‌షాపులో లేతుపై తయారగు ఇరుసులలో కొలత తప్పినవి పెరుగుచున్నవి. ఉన్న పద్ధతినే సవరింపవలెనా, క్రొత్తది రూపొందింపవలెనా?
— ఒక పాఠకుడు, బాలానగరము

జవాబు: ముందుగా కొలతలను కాలక్రమమున పటముపై నెక్కించి చూడుడు, 1924లో వాల్టర్ షూహార్ట్ ప్రతిపాదించిన నియంత్రణ పటము ఇందులకే పుట్టినది. బిందువులు ఆ పటముపై గీసిన నియంత్రణ హద్దులు దాటుచున్నచో, అరిగిన పనిముట్టో, మారిన ముడిసరుకో కారణమై యుండును గనుక, ఆ దశలో క్రొత్త పద్ధతిని యోచించుట వృథావ్యయము. సగటు మాత్రమే ఒరిగినచో సెట్టింగు మార్చిన చాలును. కాని, పద్ధతి నిలకడగా నున్నను, దాని సహజవ్యాప్తియే డ్రాయింగు అనుమతించిన అవధిని మించినచో, ఆ యంత్రము తన శక్తిమేర పనిచేయుచున్నదన్నమాట; అప్పుడు పనివానిని మందలించి ప్రయోజనము లేదు (ఈ మాట యజమానులకు రుచింపదని యెరుగుదును).

అట్టి స్థితిలో క్రొత్త పద్ధతియే శరణ్యమనుటకు ఒక ఉదాహరణము: ఇంగ్లండులోని పిల్కింగ్టన్ సంస్థవారు గాజుపలకను ఇరువైపుల ఒకేసారి అరగదీయు యంత్రములవరకు పాత పద్ధతిని మెరుగుపరచిరి. ఐనను అరగదీత యున్నంతకాలము గాజు నష్టమగుట తప్పలేదు. కరగిన తగరముపై గాజును తేల్చు విధానమునకై 1952లో పూనుకొన్నవారు దానిని వెల్లడించునాటికి 1959 వచ్చినది. అంతకాలమును పాత పద్ధతియే వ్యాపారమును పోషించినది.

మీకంత నిరీక్షణ యక్కరలేదు. లేతుపై రాని సూక్ష్మత గ్రైండింగువలన రావచ్చును గావున, కొన్ని ఇరుసులను బయట గ్రైండింగు చేయించి, ఆ కొలతలను ఇదే రీతిని పరీక్షించిన పిమ్మటనే క్రొత్త యంత్రమునకు బయానా ఇండు.