పిలుపు రాకముందే సిద్ధం కావాలి

కంపెనీలు ఉద్యోగులను తీసుకోవడంలో రెండు దశలున్నాయి. రానున్న రెండు మూడేళ్లలో ఏ పని పెరుగుతుంది, దానికి ఎలాంటివారు ఎందరు కావాలి, పని తెలిసినవారిని తీసుకోవాలా, తామే నేర్పించుకోవాలా అని ముందే తేల్చుకోవడం మొదటిది. దీన్ని నియామక వ్యూహం అంటారు. ప్రకటన ఇవ్వడం, దరఖాస్తులు జల్లెడ పట్టడం, ఇంటర్వ్యూ చేసి చేర్చుకోవడం రెండవది. ఇది రోజువారీ నియామకం.

తడ దగ్గరి శ్రీసిటీనే చూద్దాం. అక్కడ ఫాక్స్‌కాన్ 2015లో సెల్‌ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. పనివారిలో అత్యధికులు మహిళలే. దూరపు పల్లెల ఆడపిల్లలు షిఫ్టుల్లో పనిచేయాలంటే బస్సులు, వసతి ముందే ఆలోచించాలి. అవి ఇంటర్వ్యూ రోజున తేలే విషయాలు కావు.

మన పిల్లలకు కనిపించేది రెండో దశ మాత్రమే. జాబ్ మేళా అనగానే బయోడేటా పట్టుకుని వెళతారు. కావలసిన అర్హత అప్పటికే ఖరారై ఉంటుంది. ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, రిఫ్రిజిరేషన్ రెండేళ్లు. మేళా వార్త విన్నాక చేరితే అందదు.

మన జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్‌కు 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది. చేపల రేవు అంటే బోటు ఇంజన్లకు మెకానిక్కులు, ఐస్ ప్లాంట్లకు రిఫ్రిజిరేషన్ తెలిసినవారు కావాలి. పిలుపు వచ్చేనాటికి మన పిల్లల చేతిలో సర్టిఫికెట్ ఉండాలి.

అందుకే దాతలకు మా మనవి. మేళాకు దారిఖర్చులిస్తే ఆ సాయం ఒక్కరోజుకే సరిపోతుంది. పది పాసైన బిడ్డకు ఐ.టి.ఐ. ఫీజు, హాస్టల్ ఖర్చు భరించి, ఆపైన 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో పని నేర్చుకునే చోటు చూపిస్తే జీవితాంతం నిలుస్తుంది. పది ఫలితాలు వచ్చీరాగానే ప్రవేశాలు మొదలవుతాయి కనుక నిధి అప్పటికే సిద్ధంగా ఉండాలి.