తాడు పట్టి కొండ దిగుదాం – రాపెలింగ్ పాఠం



కొండ ఎక్కినవాళ్ల గురించి అందరూ చెబుతారు. దిగడం గురించి చెప్పేవాళ్లు తక్కువ. 2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరంపై నిలబడ్డారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. వాళ్లు తొలి పాఠాలు నేర్చుకున్నది మన జనగామ పక్కనే ఉన్న భువనగిరి కొండ మీద. ఆ పాఠాల్లో ముఖ్యమైన ఒకదాన్ని ఇక్కడ తెలుసుకుందాం.

రాపెలింగ్ అంటే ఏమిటి?

నిటారుగా ఉన్న రాతి గోడ మీద నుంచి తాడు సాయంతో, మన వేగం మన చేతిలోనే ఉంచుకుని దిగడాన్ని రాపెలింగ్ అంటారు. ఇది ఫ్రెంచి మాట. వెనక్కి పిలవడం అని అర్థం. దిగిన తరువాత తాడును కింది నుంచి లాగి వెనక్కి తీసుకుంటారు కనుక ఆ పేరు వచ్చింది. ఆల్ప్స్ పర్వతాల్లో షార్లే స్ట్రాటన్ అనే గైడు 1876లో ఈ పద్ధతిని వాడాడని చెబుతారు.

మనకు కొత్త విద్యా?

కాదనే మేమంటాం. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి గమనించండి. మోకును చెట్టు చుట్టూ, తన ఒంటి చుట్టూ వేసుకుని వెనక్కి వాలుతాడు. వాలినకొద్దీ పాదాలు చెట్టును గట్టిగా ఒత్తుతాయి. ఒత్తిడి పెరిగితే ఘర్షణ పెరుగుతుంది, కాలు జారదు. రాతి మీదా ఇదే సూత్రం. భయపడి బండను కావలించుకున్నవాడి కాలు జారుతుంది. ధైర్యంగా వెనక్కి వాలినవాడి కాలు నిలుస్తుంది. జనగామ ప్రాంతంలోని ఖిలాషాపూర్‌లో కోట కట్టిన సర్వాయి పాపన్న గీత కులానికి చెందినవాడే. 1708లో ఆయన సేన వరంగల్, భువనగిరిలపై దాడి చేసింది.

పని చేసే తీరు

నడుముకు, తొడలకు కట్టే పట్టీని హార్నెస్ అంటారు. దానికి కారాబినర్ అనే లోహపు కొక్కెం, కొక్కేనికి ఎనిమిది అంకె ఆకారంలో ఉండే డిసెండర్ తగిలిస్తారు. తాడు ఈ డిసెండర్‌లో మెలిక తిరుగుతుంది. ఆ మెలికలో పుట్టే ఘర్షణే మన బ్రేకు. అందుకే ఒక చిన్న చేయి మొత్తం శరీరం బరువును ఆపగలుగుతుంది.

ఒక లెక్క చేద్దాం. 60 కిలోల మనిషి 30 మీటర్లు దిగితే 60 × 9.8 × 30 = 17,640 జౌళ్ల శక్తి విడుదలవుతుంది. అది దాదాపు మొత్తం వేడిగా మారుతుంది. సినిమాల్లో లాగా ఎగిరెగిరి వేగంగా దిగితే డిసెండర్ కాలిపోతుంది, నైలాన్ తాడు దెబ్బతింటుంది. మెల్లగా దిగితే వేడి గాలిలో కలిసిపోతుంది.

తాడు కట్టే చోటు (యాంకర్) ఒక్కటే ఉండకూడదు, కనీసం రెండు ఉండాలి. రెండింటి మధ్య కోణం 60 డిగ్రీలైతే ఒక్కొక్కదానిపై బరువులో 58 శాతం పడుతుంది. 120 డిగ్రీలైతే ఒక్కొక్కదానిపైనా పూర్తి బరువు పడుతుంది. ఇంటర్ ఫిజిక్సులో చదివే సదిశలు ఇక్కడ ప్రాణాలు కాపాడతాయి!

మరువకూడని నియమాలు

1. హెల్మెట్, చేతి తొడుగులు తప్పనిసరి. జడ, చున్నీ డిసెండర్‌లో చిక్కకుండా లోపలికి కట్టుకోవాలి.
2. దిగే ముందు పట్టీ, కొక్కెం, ముడి, యాంకర్ – ఈ నాలుగూ మనమూ చూడాలి, తోడున్నవాళ్లూ చూడాలి.
3. తాడు చివర ముడి వేయాలి. తాడు నేలను తాకిందని కళ్లతో చూసిన తర్వాతే దిగాలి.
4. పాదాలు భుజాల వెడల్పున ఉంచి, వెనక్కి వాలి, నడుస్తున్నట్టు దిగాలి.
5. బ్రేకు చేతిని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు.
6. కింద ఒకరు తాడు పట్టుకుని ఉండాలి. పైవాడు పట్టు తప్పితే కిందివాడు తాడును బిగించి లాగితే చాలు, ఆగిపోతాడు.

పర్వతారోహణలో ఎన్నో ప్రమాదాలు దిగేటప్పుడే జరుగుతాయి. ఒళ్లు అలసి ఉంటుంది, పని అయిపోయిందని మనసు ఏమరుపాటుగా ఉంటుంది.

ఒక హెచ్చరిక

మన భూపాలపల్లి జిల్లాలో పాండవుల గుట్టలున్నాయి. మహబూబాబాద్ జిల్లాలో భీమునిపాదం జలపాతముంది. చూస్తే ఎక్కాలని, దిగాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఇది చదివి సెలవుల్లో పగ్గాలు, బావి తాళ్లు తీసుకుని గుట్టలకో, పాత క్వారీలకో బయలుదేరవద్దు. పశువును కట్టే తాడు మనిషి ప్రాణానికి పూచీ కాదు. శిక్షకుడు పక్కన ఉంటేనే దిగాలి.

ఎందుకు నేర్చుకోవాలి?

అగ్నిమాపక దళంలో, విపత్తు సహాయ దళాల్లో ఈ విద్యకు విలువ ఉంది. అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. కొండ ఎక్కేవాళ్ల తాడు, పట్టీ, కొక్కెం తాటిచెట్టు దగ్గరికి వచ్చాయన్నమాట. మన హాస్టళ్లలో చదివే ఎందరి తండ్రులో రోజూ చెట్టెక్కుతారు, బావిలోకి దిగుతారు. ఇళ్లలో మొదటి డిగ్రీ చదివిన తరం మాది. చదివిన చదువు ఇంటికి ఏమిచ్చిందని అడిగితే, నాన్న క్షేమంగా కిందికి దిగే తోవ చూపించిందని చెప్పగలగాలి. ఆ పట్టీ ఎలా బిగించాలో, ముడి ఎలా చూడాలో ముందు మనం నేర్చుకుందాం, తర్వాత ఇంట్లో నేర్పుదాం.